గుహలోంచి వచ్చిన కబురు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అనేవారు. రైళ్ళు వచ్చాక ఆ సామెతకు పని లేకుండా పోయింది. కాని అది ఇప్పటికీ కాస్తో కూస్తో వర్తించే ప్రయాణీకులు లోకంలో కొందరున్నారు. వారు పోయేది కాశీకి కాదు, భూమి లోపలికి. పోయేముందు ఇంట్లో చెప్పి పోతారు. తిరిగి వచ్చాక తోటివారందరికీ చెప్పుకుంటారు. ఈ రెండు చెప్పడాలే వారి ప్రాణానికి కాపలా అంటే మొదట నేనూ నమ్మలేదు.

ఇంగ్లండులో ఉత్తరాన యార్క్‌షైరు ప్రాంతంలో సున్నపురాతి కొండలున్నాయి. వాటి కింద పల్లెటూళ్ళలో శనివారం రాత్రి ఏ సత్రంలోకి తొంగిచూసినా, ఒక మూల బల్ల చుట్టూ అయిదారుగురు చేరి ఉంటారు. జుట్టు ఇంకా తడిగానే ఉంటుంది. చెవుల వెనక బురద పోదు. మోచేతులు దోక్కుపోయి ఉంటాయి. వారిలో ఒకాయన బాంకు గుమాస్తా కావచ్చు, ఒకామె ఆస్పత్రిలో నర్సు కావచ్చు, మరొకాయన బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు కావచ్చు. పొద్దున్నే ఒక కన్నంలో దూరి, పొద్దుగూకాక అదే కన్నంలోంచి బయట పడ్డారు. ఎవరూ వారిని పొమ్మనలేదు. పోయినందుకు ఎవరూ కానీ ఇవ్వరు. పైగా తాళ్ళకూ, దీపాలకూ, హెల్మెట్లకూ సొంత డబ్బే తగలేసుకుంటారు.

ఇక కబుర్లు మొదలవుతాయి. "ఇవాళ రెండో మలుపు దగ్గర నడుంలోతు నీళ్ళున్నాయి." "తాడు కట్టిన మేకు కాస్త కదులుతోంది, చూసుకోండి." "ఎడమచేతి సందులోంచి చల్లగాలి కొడుతోంది, అవతల ఏదో పెద్ద గది ఉండి తీరాలి." కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీకొక కథ చెప్పినట్టు వీళ్ళు మలుపుకొక కథ చెబుతారు. కొంత అతిశయోక్తి లేకపోలేదు. మనం తిరుపతి మెట్లెక్కి వచ్చి చెప్పినప్పుడు మెట్ల సంఖ్య పెరగదూ?

ఆ ప్రాంతంలోనే గేపింగ్ గిల్ అని ఒక పాతాళబావి ఉంది. మూడువందల అడుగులకు పైగా లోతు. ఒక ఏరు పక్కనుంచి వచ్చి అందులోకి దూకుతుంది. 1895 ఆగస్టులో దాని అడుగు మొట్టమొదట తొక్కినవాడు ఎడ్వర్డ్ మార్టెల్ అనే ఫ్రెంచివాడు. ఆయన వృత్తి గుహలు కాదు, పారిస్‌లో న్యాయవాది. సెలవులు రాగానే తాళ్ళనిచ్చెనలు మూటకట్టుకుని బయలుదేరేవాడు. అదే సంవత్సరం గుహల పిచ్చి ఉన్నవారినందరినీ చేర్చి ఒక సంఘం పెట్టి, ఎవరు ఎక్కడ దిగారో, ఏం చూశారో అచ్చువేయడానికి పత్రిక కూడా మొదలుపెట్టాడు. ఈనాడు ఏటా కొన్ని రోజులపాటు అక్కడి ఔత్సాహిక సంఘాలవారే యంత్రం బిగించి మామూలు జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆ బావిలోకి దింపుతారు. అక్కడ ఒక పాత పరిహాసం ఉంది: దిగడానికి పైసా అక్కర్లేదుట, పైకి రావడానికేనట డబ్బు!

ఇంతకూ ఈ కబుర్ల అవసరం ఏమొచ్చింది? కొండ ఎక్కేవాడికి శిఖరం కిందనుంచే కనిపిస్తుంది. ఓడలో పోయేవాడికి నక్షత్రాలు తోడు. ఇప్పుడు ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు మన పెరట్లో జామచెట్టును కూడా ఫొటో తీయగలవు. కాని రాతి లోపలి సందును ఏ ఉపగ్రహమూ చూడలేదు. మామూలు రేడియో మాట రాతిని దాటి రాదు, సెల్‌ఫోను సరేసరి. అక్కడ ఏముందో తెలియాలంటే ఒక మనిషి పొట్టమీద పాకి వెళ్ళి, చూసి, వెనక్కి వచ్చి నోటితో చెప్పాలి. దిక్సూచీ కొలత టేపూ పట్టుకుని, ఇన్ని అడుగులు, ఈ దిక్కు, ఇంత వాలు అని తడికాగితం మీద రాసుకొచ్చి గీస్తే అది పటం. ఆ పటం కూడా ఒక రకం కబురే.

ఒక్కోసారి ఆ కబురు అందడానికి ముప్పై ఏళ్ళకు పైగా పడుతుంది.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహ జగత్ప్రసిద్ధం. దాని పక్కన ఒక లోయ. లోయకు అవతల ఫ్లింట్ రిడ్జి అనే గుట్ట, దాని కింద మరొక గుహల వరస. ఈ రెండూ లోపల ఎక్కడో కలుస్తాయని ఔత్సాహికులకు గట్టి నమ్మకం. సెలవు దొరికినప్పుడల్లా పోయి వెతికేవారు. 1972 వేసవిలో పట్రీషియా క్రౌదర్ అనే ఆవిడ, కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగిని, సన్నటి మనిషి, తక్కినవారు భయపడి వదిలేసిన ఒక ఇరుకు సందులోంచి అవతలికి దూరింది. ఆ దారి వెంట ఆగస్టు 30న పోయినవారికి గోడమీద ఒక బాణం గుర్తూ, 'పీట్ హెచ్' అన్న అక్షరాలూ కనిపించాయి. తాము తప్ప మానవమాత్రుడు రాలేదనుకున్న చోట పేరు చెక్కి ఉంటే ఎలా ఉంటుంది! 1930లలో మామత్ గుహలో తిరిగిన పీట్ హాన్సన్ అనే ఆయన వదిలిపెట్టిన గుర్తు అది. ఆయన వచ్చింది అవతలి గుహనుంచి. అంటే దారి ఉన్నట్టే గదా.

సెప్టెంబరు 9న జాన్ విల్కాక్స్ నాయకత్వాన ఆరుగురు బయలుదేరారు. క్రౌదర్ కూడా ఉంది. గంటల తరబడి పాకి, చల్లటి నీళ్ళలోకి దిగారు. నీళ్ళు ఛాతీదాకా వచ్చాయి, పైకప్పు నెత్తిని తాకుతోంది. ముందు పోతున్న విల్కాక్స్ దీపం ఎత్తి చూస్తే చీకట్లో అడ్డంగా ఒక ఇనుప గొట్టం. అది యాత్రికులు పట్టుకు నడిచే కమ్మీ! ఏళ్ళ తరబడి అగచాట్లు పడి, ప్రాణాలకు తెగించి చివరికి చేరుకున్నది జనం టిక్కెట్టు కొనుక్కుని పిల్లాపాపలతో నడిచే బాటకు. ఆ సాయంత్రానికి అది 144 మైళ్ళ గుహ అయింది, ప్రపంచంలోకెల్లా పొడుగైనది. ఇప్పుడు దాని లెక్క 420 మైళ్ళు దాటింది. ఇంకా తేలలేదు.

ఈ కథకు చిన్న తోక ఉంది. పట్రీషియా భర్త విల్ క్రౌదర్ కూడా కంప్యూటరు పనివాడే, గుహల పిచ్చివాడే. తరువాత వారు విడిపోయారు. ఇద్దరు ఆడపిల్లలు. దూరమైన ఆ పిల్లలు ఆడుకుంటారని తాను తిరిగిన కెంటకీ గుహను ఒక కంప్యూటరు ఆటగా మలిచాడాయన, 1975–76 ప్రాంతంలో. బొమ్మలు లేవు, అన్నీ మాటలే. 'నీ ముందు ఇలాంటి దారి ఉంది, ఎటు పోతావు?' అనే ధోరణి. ఈనాడు పిల్లలను కూడుకూ నిద్రకూ దూరం చేస్తున్న సాహసపు ఆటలకు అదే తాత. నాన్న పిల్లలకు చెప్పుకున్న గుహ కబురు అంతదూరం పోయింది.

గుహల్లో కబుర్లన్నీ చివరికి పేర్లుగా మిగులుతాయి. ఇరుక్కుపోయిన చోటుకో పేరు, జారిపడిన చోటుకో పేరు, అన్నం తిన్న చోటుకో పేరు. పేరు వింటేనే వెనకటి కథ గుర్తు రావాలి. మన బెలుం గుహల్లో 'పిల్లిద్వారం' ఉంది. అక్కడ ఎలా నడవాలో వేరే చెప్పాలా? 'కోటిలింగాలు', 'మర్రిచెట్టు', నీరు కనిపించి మాయమయ్యే 'పాతాళగంగ' కూడా అటువంటివే. వాటి మధ్య ఒక మందిరానికి మాత్రం 'గెబావర్ హాలు' అని పేరు. తెలుగు నోటికి కొరుకుడు పడని ఆ పేరు ఎక్కడిదని చూడవచ్చిన పిల్లలు అడుగుతూ ఉంటారు.

బెలుం నోరు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో చేల మధ్య నేలలో ఒక గొయ్యిలా ఉంటుంది. ఊరివాళ్ళు ఎరిగినదే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు 1884లో దాన్ని గురించి రాశాడు. ఆ రాత సుమారు నూరేళ్ళు బీరువాలో నిద్రపోయింది. 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబావర్ అనే జర్మను గుహాన్వేషకుడు తన జట్టుతో వచ్చి, ఊరివారి సాయంతో లోపలికి దిగి, సందుసందూ కొలిచాడు. 3,229 మీటర్లు తేలింది. కొలిచి ఊరుకోలేదు, పటంతో సహా అచ్చువేసి లోకానికి చెప్పాడు. 2002లో దీపాలు పెట్టి, మెట్లు కట్టి గుహను ప్రజలకు తెరిచారు. ఇప్పుడు మనం చెప్పులతో టకటకా దిగిపోయే దారిలో ఆయన మోకాళ్ళమీద పాకాడు. ఆ మాటకొస్తే, ఆయనకు దారి చూపిన పల్లెటూరివారి కబురే అన్నిటికంటే పాతది. వారికి హాలు లేదు, పేరూ లేదు.

మేఘాలయలోనూ ఇదే తీరు. షిల్లాంగులోని ఔత్సాహికులు, ఇంగ్లండునుంచీ స్విట్జర్లాండునుంచీ ఇతర దేశాలనుంచీ సొంత ఖర్చుతో వచ్చేవారూ కలిసి 1992 నుంచి ఎన్నో శీతాకాలాలు అడవిలో గుడారాలు వేసుకుని కొండల కింద కొలతలు తీశారు. అక్కడ ఇప్పుడు ముప్పై కిలోమీటర్లు దాటిన గుహ కూడా ఉంది.

ఇంతవరకు సంతోషం. కాని సత్రంలో బల్ల చుట్టూ కూర్చున్నవారు గొంతు తగ్గించి చెప్పుకునే కబుర్లు కొన్ని ఉన్నాయి.

రామాయణంలో దాహంతో అల్లాడుతున్న వానరులు ఒక బిలంలోంచి తడిసిన రెక్కలతో పక్షులు బయటికి రావడం చూసి, లోపల నీరుందని ఊహించి దిగారు గదా. 1950లో సరిగ్గా అటువంటిదే జరిగింది. ఫ్రాన్సు, స్పెయిను సరిహద్దున పిరెనీస్ కొండల మీద లెపినో అనే యువకుడికి ఒక రాతిగోడలోంచి కాకి జాతి పక్షి ఎగిరి బయటికి రావడం కనిపించింది. పక్షికి చోటుంటే లోపల ఖాళీ ఉండాలి. రాళ్ళు తొలగించి చూస్తే కింద వెయ్యి అడుగులకు పైగా ఎడతెగని నిలువు బావి. పియెర్ సాన్ మార్తాన్ అని దాని పేరు. ఆ లోతుకు నిచ్చెనలు చాలవు. యంత్రం పెట్టి ఉక్కుతీగతో ఒక్కొక్క మనిషినీ దింపారు.

1952 ఆగస్టులో మార్సెల్ లూబెన్స్ అనే ఆయన దిగి, అడుగున కొన్ని రోజులుండి, పైకి రావడానికి సిద్ధమయ్యాడు. తోటివారికి వీడ్కోలు చెప్పాడు. తీగ కదిలింది. కొద్ది ఎత్తు లేచాడో లేదో, నడుముకు కట్టిన పట్టీనీ తీగనూ కలిపే బిగింపు ఊడిపోయింది. బండలమీద పడ్డాడు. ఒక వైద్యుడు, అదే తీగను నమ్ముకుని, ఆ బావిలోకి దిగాడు. ఆయన దిగిన ధైర్యాన్ని తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. లాభం లేకపోయింది. సుమారు ఒకటిన్నర రోజు కొట్టుకుని లూబెన్స్ చీకటిలోనే పోయాడు. శవాన్ని పైకి తెచ్చే ఉపాయం లేక అక్కడే సమాధి చేశారు. రెండేళ్ళ తరువాత, 1954లో, స్నేహితులు మళ్ళీ దిగి పైకి తెచ్చారు. అప్పుడు అడుగున ఉన్నవారిలో ఒకడైన హరూన్ తాజియెఫ్ ఈ కథనంతా పుస్తకంగా రాశాడు. ఎంత పెద్ద సాహసమూ ఒక చిన్న బిగింపు మీద ఆధారపడి ఉందని ఆ పుస్తకం చదివినవాడెవడూ మరువడు.

రెండవది ఇంకా బాధ. ఇంగ్లండులోని డార్బీషైరులో పీక్ గుహ. 1959 మార్చి 22, ఆదివారం. ఆక్స్‌ఫర్డులో చదువుకుంటున్న నీల్ మాస్ అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు స్నేహితులతో వెళ్ళి, మనిషి పట్టీపట్టని ఒక నిలువు సందులోకి తాళ్ళనిచ్చెన వేసుకు దిగాడు. అడుగున దారి లేదు. తిరిగి ఎక్కబోతే సగంలో బిగుసుకున్నాడు, పైకీ కిందికీ కదల్లేదు. సందులో గాలి పాడైపోయింది. మనం విడిచిన ఊపిరే మనకు విషం. తాడు వేసి లాగితే తాడు తెగింది. సాయానికి దిగినవారు దిగినట్టే స్పృహ తప్పారు. రేడియోలో కబురు విని ఎక్కడెక్కడివారో వచ్చారు. పద్ధెనిమిదేళ్ళ పిల్ల, సన్నగా ఉన్నాను నేను పడతానని ముందుకొచ్చి దిగింది. ఆమె వల్లా కాలేదు. మంగళవారం నాడు అతడు పోయినట్టు తేల్చారు. శవం కోసం మరొకరి బిడ్డ ప్రాణం పణంగా పెట్టవద్దని, అక్కడే ఉండనివ్వమని తండ్రి చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆ తండ్రి ఎంత గుండె దిటవు చేసుకున్నాడో మనం ఊహించుకోవలసిందే. ఆ సందును రాళ్ళతో మూసివేశారు. పక్కనున్న గదిని ఈనాటికీ మాస్ పేరుతోనే పిలుస్తారు.

ఇటువంటివి జరిగినప్పుడు మామూలుగా మనమేం చేస్తాం? పోయినవాడి మంచితనం చెప్పుకుంటాం. తప్పు ఎక్కడ జరిగిందో ఎత్తం, బాగుండదని. గుహాన్వేషకులు అలా కాదు. అమెరికాలో 1941లో పుట్టిన వారి జాతీయ సంఘం 1967 నుంచి గుహ ప్రమాదాల వివరాలు ప్రత్యేకంగా అచ్చువేస్తూ వస్తున్నది. అందులో వీరగాథలుండవు. వాన వస్తుందని తెలిసి కూడా దిగారు, ఒకటే దీపం పట్టుకెళ్ళారు, ఒరుసుకుపోయిన తాడును చూసుకోలేదు, ఒకడు చలికి వణుకుతున్నానంటే పట్టించుకోలేదు, ఇలా ఉంటాయి. బతికి బయటపడ్డవారు తమ బుద్ధితక్కువ తామే రాసి పంపుతారు. ఎవరిది తప్పు అన్నది కాదు, ఏది తప్పు అన్నదే వారికి కావాలి. నాకు తెలిసి ఏ వృత్తిలోనూ ఇంత సులువుగా మనుషులు తమ తప్పు ఒప్పుకోరు. దీనికి జీతమైనా లేదు మరి!

మూడు దీపాలు లేనిదే దిగకూడదనీ, ఒంటరిగా పోకూడదనీ వారు పెట్టుకున్న నియమాల వెనక ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మనిషి కథ ఉంది. కెంటకీలోనే 1925 జనవరి 30న ఫ్లాయిడ్ కాలిన్స్ అనే అనుభవశాలి ఒంటరిగా ఒక ఇరుకు సందులో పాకుతూ ఉంటే చిన్న రాయి ఒకటి జారి పాదాన్ని పట్టేసింది. పెద్ద బండ కూడా కాదు, పన్నెండు పదమూడు కిలోల రాయి. పక్కన ఒక్క మనిషి ఉంటే ఆ నిమిషానే తీసిపారేసి ఉండవచ్చు. పైన వేలాది జనం తిరునాళ్ళలా మూగారు. తినుబండారాలు కూడా అమ్మారు. పొట్టిగా సన్నగా ఉన్న ఒక పత్రికా విలేఖరి మాటిమాటికీ లోపలికి పాకి వెళ్ళి అతనితో మాట్లాడి వచ్చి రాశాడు, ఆ రాతకు పులిట్జరు బహుమానం కూడా వచ్చింది. పక్కనుంచి బావి తవ్వి ఫిబ్రవరి 16న చేరేసరికి కాలిన్స్ పోయాడు.

ఇక పోయేముందు చెప్పే కబురు. మాయావిని తరుముకుంటూ వాలి బిలంలో దూరినప్పుడు తమ్ముణ్ణి వాకిట నిలబెట్టాడు గాని, ఎప్పటిదాకా చూడాలో గడువు చెప్పలేదు. ఏడాది గడిచింది. నెత్తురు కనిపించింది. సుగ్రీవుడు బండ అడ్డం పెట్టి ఇంటికి పోయాడు. తరువాత జరిగిన రభసంతా మీరెరిగినదే. ఈనాటి గుహాన్వేషకుడు వాలికంటే తెలివైనవాడు. ఏ గుహలో ఏ దారిన పోతున్నాడో, ఎంతమందితో పోతున్నాడో, ఎన్ని గంటలకు పైకి వస్తాడో రాసి, భార్యకో తల్లికో స్నేహితుడికో ఇచ్చి వెళతాడు. ఆ గడువు దాటిన నిమిషాన వారు ఫోను చేయాలి. పోయి వెతకడానికి బయలుదేరేది కూడా తోటి గుహాన్వేషకులే. యార్క్‌షైరులో 1935లోనే అందుకొక స్వచ్ఛంద దళం ఏర్పడింది, ప్రపంచంలో అదే మొదటిది. "ఎక్కడికిరా? ఎప్పుడొస్తావు?" అని మన అమ్మలు వీధి గుమ్మంలో వేసే ప్రశ్నకు విసుక్కునే కుర్రవాళ్ళు ఈ సంగతి వింటే బాగుండును.

2018 జూన్ 23, శనివారం నాడు థాయిలాండులో పన్నెండుమంది పిల్లలు ఇళ్ళకు వేళకు రాలేదు. పదకొండేళ్ళనుంచి పదహారేళ్ళ లోపువాళ్ళు. ఫుట్‌బాల్ ఆడి, పాతికేళ్ళ కోచితో కలిసి సైకిళ్ళమీద తామ్ లువాంగ్ గుహ చూడడానికి పోయారు. వాన ముంచుకొచ్చింది. సైకిళ్ళు గుమ్మంలో ఉన్నాయి, లోపల నీళ్ళు నిండిపోయాయి.

ఆ గుహను ఎరిగినవారెవరు? సైన్యానికి తెలియదు. పోలీసులకు తెలియదు. వెర్న్ అన్స్‌వర్త్ అనే ఇంగ్లీషాయన ఆ ప్రాంతంలో కాపురముంటూ, ఏళ్ళ తరబడి అందులో తిరిగి కొలతలు తీస్తున్నాడు. మర్నాడు ఆదివారం తనే అక్కడికి పోవాలని అనుకుంటున్నాడు కూడా. ఆయనకు ముందు 1980లలో ఫ్రెంచి ఔత్సాహికులు వచ్చి ఆ గుహకు పటం గీసి అచ్చువేసి పెట్టారు. ఆ పటాన్ని ఆయనా ఆయన స్నేహితులూ ఇంకా పొడిగించారు. ఆ పటాలు గీసిన నాడు అవి ఎవరికి కావాలి? పదిమంది పిచ్చివాళ్ళకు తప్ప! ఇప్పుడు దేశమంతా వాటి మీద వంగి చూసింది. లోపల ఎక్కడో కాస్త ఎత్తుగా ఇసుక మేట ఉన్న ఒక చోటుకు 'పట్టయా బీచి' అని పేరు. సముద్రానికి వందల మైళ్ళ దూరాన, కొండ కడుపులో బీచి! ఏనాడో సరదాగా పెట్టిన ఆ పేరే అన్వేషణకు గురి అయింది. పిల్లలు అక్కడో, దానికి కాస్త అవతలో ఉంటారని అన్స్‌వర్త్ చెప్పాడు. అంతటితో ఆగక, నీళ్ళు నిండిన గుహలో ఈదగలవారు వీరు, వెంటనే పిలిపించండి అని ఒక చీటీ మీద ముగ్గురి పేర్లు రాసి అధికారుల చేతికిచ్చాడు.

వచ్చినవారిలో రిక్ స్టాంటన్ అగ్నిమాపక దళంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడు. జాన్ వోలాంథన్ కంప్యూటరు ఉద్యోగి, సెలవుల్లో చిన్నపిల్లలకు స్కౌటు పాఠాలు చెప్పేవాడు. ఇద్దరూ సరదాకు మొదలుపెట్టి గుహల్లో ఈదడం నేర్చినవారు. చెయ్యి చాపితే చెయ్యి కనిపించని బురదనీటిలో దారి తాడు పరుచుకుంటూ పోయారు. జూలై 2వ తేదీ రాత్రి పట్టయా బీచి చేరారు. అక్కడెవరూ లేరు. ఇంకా ముందుకు పోయి ఒకచోట నీళ్ళపైకి తల ఎత్తేసరికి ముందు మనుషుల వాసన తగిలిందట. తరువాత దీపం వెలుగులో ఒక్కొక్కరే గట్టు దిగి వచ్చారు. "ఎంతమంది ఉన్నారు?" అని వోలాంథన్ అడిగాడు. "పదమూడు" అని చీకటిలోంచి జవాబు వచ్చింది. తొమ్మిది రాత్రుల తరువాత ఒక్కరు కూడా తగ్గలేదు.

బయటికి తేవడం మరొక కథ. పిల్లలు, అంతదూరం నీళ్ళ కింద! ఆస్ట్రేలియానుంచి రిచర్డ్ హారిస్ అనే మత్తువైద్యుడూ, క్రెయిగ్ చాలెన్ అనే పశువైద్యుడూ వచ్చారు. ఇద్దరికీ గుహల్లో ఈదడమే సరదా. పిల్లలకు మత్తిచ్చి, ముఖానికి గాలి తొడుగు బిగించి, ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఈతగాడు మోసుకొచ్చాడు. దారిలో తెలివి వస్తే మళ్ళీ సూది ఎలా పొడవాలో హారిస్ వారికి ముందే నేర్పాడు. జూలై 8, 9, 10 తేదీలలో పదముగ్గురూ బయటపడ్డారు. థాయి నౌకాదళంలో పనిచేసి వచ్చిన సమన్ కునాన్ మాత్రం లోపల గాలి సీసాలు అమర్చి వస్తూ జూలై 6న ఊపిరాడక చనిపోయాడు. ఆ పనిలోనే జబ్బు అంటుకున్న మరొక నౌకాదళ సైనికుడు 2019 డిసెంబరులో పోయాడు.

పిల్లలు దొరికాక ఇంకా లోపలే ఉన్న రోజుల్లో ఈతగాళ్ళు వారిచేత ఉత్తరాలు రాయించి పైకి తెచ్చారు. తడి చేతులతో చిన్నచిన్న కాగితాల మీద రాసిన ఆ కబుర్లు గుహ వాకిట కాచుకున్న తల్లిదండ్రుల చేతికి అందాయి. కోచి పిల్లల తల్లిదండ్రులను క్షమించమని వేడుకున్నాడు, వారిని బాగా చూసుకుంటానన్నాడు. నీ తప్పేమీ లేదు నాయనా, బెంగపెట్టుకోకు అని తల్లిదండ్రులు జవాబు పంపారు. కుర్రవాడొకడు తన పుట్టినరోజు మరిచిపోవద్దని రాశాడు. వేయించిన కోడి తినాలని ఉందని ఒకరు రాశారు. ఇంకొకడు బడి సంగతి గుర్తు చేసుకుని, మాస్టారూ, హోంవర్కు మరీ ఎక్కువ ఇవ్వకండి అని రాశాడు.